మందును తినే మట్టి



పోయిన నెల మన గ్రూపులో ఒక ప్యాకెట్ ఫోటో తిరిగింది. కిలో పొడి. అందులో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉందట. పొలంలో చల్లితే కలుపు మందు విషం విరిగిపోతుందట, బోరులో పోస్తే నీళ్ళు కూడా బాగుపడతాయట. కుంఠా నాకా చుట్టూ ఉన్న మనవాళ్ళలో మగ్గం వదిలి చెరకు కౌలు చేస్తున్నవాళ్ళు కొందరున్నారు. తెలంగాణ ఊళ్ళలో అన్నదమ్ముల దగ్గర పత్తి చేను మిగిలినవాళ్ళు ఇంకా ఎక్కువ. "అందరం కలిసి ఒక పెట్టె తెప్పిద్దామా" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. రెండు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోవచ్చు. కానీ ఈ మందు, ఈ బాక్టీరియా, మన రంగు కార్ఖానాలు ఒకే చరిత్రలో ఉన్నాయి. ఆ చరిత్ర తెలియకుండా జవాబు చెబితే సగమే చెప్పినట్టు అవుతుంది. అందుకని ఈసారి పొడుగ్గానే రాస్తున్నాం. చాయ్ పెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట సంగతి. మేము తమిళంలో బడి చదువు చదివి, రైలు ఉద్యోగంతో షోలాపూర్ చేరినవాళ్ళం. తమిళంలో ఈ సరుకుని కళైక్కొల్లి అంటారు. కళై అంటే కలుపు, కొల్లి అంటే చంపేది. ఇక్కడ మరాఠీలో తణనాశక్ అంటారు, అదీ అదే అర్థం. తెలుగులో మాత్రం కలుపు మందు. మనకు అన్నీ మందులే కదా. పురుగుల మందు, తుపాకి మందు, ఆఖరికి సాయంత్రం తాగేది కూడా మందే. రోగానికి వేసుకునేదీ, ప్రాణం తీసేదీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. చేలో వాడేవాడి చెయ్యి కూడా ఆ మాటని బట్టే నడుస్తుందేమో అని మాకు అనుమానం. కొల్లి అంటే నాలుగు మూతలు కొలిచి పోస్తాడు, మందు అంటే ఇంకో మూత ఎక్కువ పోస్తే తొందరగా నయమవుతుందనుకుంటాడు.

ఈ మందుల్లో ఒకటి మన ఇంటిదే. నీలిమందు.

రంగు వేసేవాళ్ళ ఇళ్ళలో పెద్దలకు తెలుసు, నీలిమందు నీళ్ళలో కరగదు. ఎంత నూరి కలిపినా అడుక్కి దిగుతుంది. అందుకని కుండలో సున్నం, తగిరిస గింజల ఉడుకు, నీలి వేసి రోజుల తరబడి పులియబెట్టేవాళ్ళు. వాసన వీధి దాకా కొట్టేది. కుండ సరిగ్గా పులిస్తే నీళ్ళు నీలంగా ఉండవు, పసుపుపచ్చగా మారతాయి. అందులో ముంచిన నూలు పైకి తీసి గాలి తగలనిస్తే కళ్ళ ముందే పచ్చనై, నీలమవుతుంది. ఆ కుండలో పని చేసింది బాక్టీరియా. గాలి అందని చోట బతికే ఆ సూక్ష్మజీవులు నీలి అణువు రూపం మార్చి కరిగేలా చేస్తాయి. మన ముత్తాతలకు ఆ పేరు తెలియదు, కానీ కుండ "చచ్చిపోయింది" అనీ, "బతికింది" అనీ అనేవాళ్ళు. మాటలో తప్పేమీ లేదు. బాక్టీరియాతో రసాయనం మార్పించడం మన వృత్తికి కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

తర్వాత 1897 లో జర్మనీ బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలిని బజారుకు తెచ్చింది. కడప వైపు నీలికి లండన్ బజారులో 'కర్పా' అని వేరే పేరు ఉండేది, అంత పేరున్న సరుకు. అది పోయింది. నీలి పండించిన చేలు వేరే పంటలకు మారాయి, పులిసిన కుండల చోట డబ్బాల్లో వచ్చిన రంగులు చేరాయి. 1877 లో మొదలైన మన పాత మిల్లు కాలం నుంచి షోలాపూర్ పెరిగింది ఈ డబ్బా రంగుల యుగంలోనే. నిజాం రాజ్యం ఊళ్ళ నుంచి మగ్గాలు మూటగట్టుకుని వచ్చినవాళ్ళు ఇక్కడ జర్మనీ రంగులు, స్విట్జర్లాండ్ రంగులు, తర్వాత ఇంగ్లండ్ రంగులు చూశారు.

ఇక్కడే కథ చేలోకి దిగుతుంది. స్విట్జర్లాండ్ బాసెల్ నగరంలో గైగీ అని ఒక కంపెనీ ఉండేది. 1758 నుంచి ఉన్న వ్యాపారం, రంగులే ప్రధానం. 1939 లో ఆ కంపెనీలో పనిచేసే పాల్ ముల్లర్ అనే రసాయన శాస్త్రవేత్త డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టాడు, 1948 లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. రంగుల కంపెనీకి పురుగుల మందు ఎందుకు అనిపిస్తుంది. కానీ రంగు తయారుచేసే చోట ఏటా వేల కొత్త అణువులు తయారవుతాయి. రంగుకు పనికిరానివాటిని పారేయకుండా దేనికి పనికొస్తాయో పరీక్షించడం వాళ్ళ అలవాటు. 1950లలో అదే గైగీ ట్రయజీన్ అనే కుటుంబం మీద పని మొదలుపెట్టి సిమజిన్‌ను, తర్వాత అట్రజిన్‌ను తెచ్చింది. అట్రజిన్ పేటెంట్ 1958 నాటిది. ఇవాళ మన జిల్లాలో చెరకు నాటిన వెంటనే కొట్టే తెల్ల పొడి మందు అదే.

అదే సంవత్సరాల్లో, 1956 లో, ఇంగ్లండ్ ఐసీఐ కంపెనీ ప్రోసియాన్ అనే రంగుల్ని అమ్మకానికి పెట్టింది. బాసెల్‌లోని సీబా మరుసటి ఏడాది సిబాక్రాన్ తెచ్చింది. టవళ్ళ కార్ఖానాలో పనిచేసిన రంగు మేస్త్రీలు ఈ పేర్లు చదవగానే తల ఊపుతారు. రియాక్టివ్ రంగులంటే ఇవే. అంతకు ముందు రంగులు నూలుకు అంటుకుని ఉండేవి. ఇవి నూలుతో రసాయనికంగా ముడిపడిపోతాయి, ఉతికితే పోవు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రోసియాన్, సిబాక్రాన్ రంగులకూ అట్రజిన్‌కూ ముడిసరుకు ఒకటే. సయన్యూరిక్ క్లోరైడ్ అంటారు. ఆరు గూళ్ళ చక్రం ఊహించుకోండి. మూడు గూళ్ళలో కార్బన్, మూడు గూళ్ళలో నైట్రోజన్, ఒకటి విడిచి ఒకటి. ఒక్కో కార్బన్‌కు బయట ఒక్కో క్లోరిన్ వేలాడుతుంది. ఒక క్లోరిన్ తీసి అక్కడ రంగు అణువు తగిలిస్తే, మిగిలిన క్లోరిన్ తాను తప్పుకుని ఆ చక్రాన్ని నూలుకు ముడివేస్తుంది. అది మన టవల్. రెండు క్లోరిన్లు తీసి ఆ చోట్ల నైట్రోజన్ ఉన్న చిన్న చేతులు రెండు తగిలించి, మూడో క్లోరిన్‌ను ఉంచేస్తే అది అట్రజిన్. అది చెరకు చేను. మూడింటి చోటా అమ్మోనియా ముక్కలు పెడితే మెలమైన్, అంటే మన ఇళ్ళలో కిందపడినా పగలని ప్లేటు. రంగు కుండీలో, చేలో, వంటింట్లో ఒకే చక్రం. మాకు ఇది తెలిసినప్పుడు రెండు రోజులు దీని గురించే ఆలోచించాం.

ఈ చక్రానికి ఒక గుణం ఉంది, పట్టు విడవదు. గుడ్డకు రంగు నిలబడాలంటే అదే కావాలి. నేలలో మాత్రం అదే గుణం తంటా తెస్తుంది.

కలుపు మందులతో మా ఉద్యోగానికి కూడా సంబంధం ఉంది. చేలో కలుపు ఉంటే పంట తగ్గుతుంది, పట్టాల మధ్య కలుపు ఉంటే లైను దెబ్బతింటుంది. కంకరలో గడ్డి పెరిగితే మట్టి పట్టుకుంటుంది, వాన నీళ్ళు కిందికి దిగవు, స్లీపర్ కింద బురద చేరుతుంది. పూర్వం గ్యాంగ్‌మన్లు కూర్చుని చేత్తో పీకేవాళ్ళు. తర్వాత మందు కొట్టడం వచ్చింది, టెండర్లు వచ్చాయి, కిలోమీటర్ లెక్కన బిల్లులు వచ్చాయి. గుమాస్తాలుగా మేము చూసింది ఆ కాగితాలే. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, ఎన్ని రోజుల తర్వాత తనిఖీ. కొట్టిన మందు తర్వాత ఎక్కడికి పోయిందని అడిగే గడి ఏ ఫారంలోనూ ఉండదు. ఆ గడి గురించి ప్రపంచంలో కొందరు బతుకంతా పని చేశారు. వాళ్ళ కథే ఇక రాయబోయేది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్, అమెరికా రెండుచోట్లా రహస్యంగా కనిపెట్టిన కలుపు మందు 2,4-డి. యుద్ధం అవగానే అమ్మకానికి వచ్చింది. కొద్దికాలానికే లండన్‌లో ఆడస్ అనే వృక్ష శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గొట్టంలో మట్టి పోసి, దాని గుండా 2,4-డి కలిపిన నీళ్ళను మళ్ళీ మళ్ళీ తిప్పాడు. మొదట కొన్ని రోజులు ఏమీ జరగలేదు. తర్వాత హఠాత్తుగా మందు తగ్గిపోవడం మొదలైంది. అదే మట్టిలో రెండోసారి మందు పోస్తే ఆలస్యమే లేదు, వెంటనే మాయం. మట్టి నేర్చుకుంది. 1949 లో ఆయన ఇది ప్రచురించాడు, తర్వాత ఆ పని చేసిన బాక్టీరియాను వేరు చేశాడు. నేల మీద కొట్టిన మందు ఏమైంది అనే ప్రశ్నకు, 'ఎవరో తిన్నారు' అనే జవాబు ఈ మందుకు సంబంధించి అక్కడ మొదలైంది.

మన దేశం పేరు ఈ కథలో పెద్దక్షరాల్లో వచ్చేది ఆనంద మోహన్ చక్రవర్తి గారితో. బెంగాల్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త. చమురును తినే బాక్టీరియాను తయారుచేసి, జీవికి పేటెంట్ ఇవ్వొచ్చా అనే కేసులో 1980 లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. అది చాలామందికి తెలుసు. ఆ వెంటనే ఆయన చేసింది తక్కువమందికి తెలుసు. వియత్నాం అడవుల మీద అమెరికా విమానాలు చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం 2,4-డి, సగం 2,4,5-టి. ఈ రెండోదాన్ని ఆహారంగా వాడుకునే బాక్టీరియా అప్పటికి దొరకలేదు. చక్రవర్తి బృందం రసాయన వ్యర్థాలు పారబోసిన గుంతల నుంచి సూక్ష్మజీవుల్ని తెచ్చి, ఒకే పాత్రలో నెలల తరబడి కలిపి పెంచారు. మామూలు తిండి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, 2,4,5-టి పెంచుతూ పోయారు. ఆఖరికి దాన్నే తిని బతికే బాక్టీరియా వచ్చింది. 1981 లో ఇది ప్రచురించారు. రెండేళ్ళ తర్వాత మట్టిలో పరీక్షించారు. గ్రాము మట్టికి మిల్లీగ్రాము మందు ఉంటే, వారంలో 95 శాతం వరకు పోయింది. మందు అయిపోయాక ఆ బాక్టీరియా కూడా తగ్గిపోయింది, తిండి లేదు కదా.

ఇది విని మురిసిపోయేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఏజెంట్ ఆరెంజ్‌లో అసలు విషం 2,4,5-టి తయారీలో మలినంగా చేరిన డయాక్సిన్. దానికి ఈ తిండిపోతు పనికిరాలేదు. వియత్నాంలో డా నాంగ్ విమానాశ్రయం దగ్గర నేలను 2012 నుంచి 2018 దాకా శుద్ధి చేశారు, ఎలాగంటే మట్టిని తవ్వి పెద్ద బట్టీలాంటి కట్టడంలో పోసి 300 డిగ్రీల పైన కాల్చి. బాక్టీరియా ఉందని తెలిసిన కాలంలోనే మట్టిని కాల్చాల్సి వచ్చింది.

ఇక మన తెలుగు నేల. 1970ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సేతునాథన్ అనే భారతీయ శాస్త్రవేత్త పనిచేస్తున్నారు. వరి మడుల్లో డయాజినాన్ అనే పురుగుల మందు మొదట్లో బాగా పనిచేసి, మళ్ళీ మళ్ళీ వేసేసరికి పనిచేయడం మానేసింది. పురుగు ముదిరిందా, మందు కల్తీదా అని అనుకునే చోట, ఆయన మడి నీళ్ళలో చూశారు. అక్కడ దాన్ని విరగ్గొట్టే బాక్టీరియా ఉంది. 1973 లో ప్రచురించిన ఆ బాక్టీరియాను ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడుతున్నారు. ఇది కలుపు మందు కాదు, పురుగుల మందు. కానీ సూత్రం అదే.

ఆయన తర్వాత కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో పనిచేశారు. ఇటు అనంతపురంలో కొత్తగా వచ్చిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కడియాల వెంకటేశ్వర్లు, మల్లవరపు మేఘరాజ్ గార్లు 1980లలో పురుగుల మందులు నేలలోని నాచునూ సూక్ష్మజీవుల్నీ ఏం చేస్తున్నాయో, అవి మందుల్ని ఏం చేస్తున్నాయో చూడటం మొదలుపెట్టారు. కరువు జిల్లాలో, పెద్ద యంత్రాలు లేని కాలంలో చేసిన పని. అక్కడే దయానంద సిద్దవట్టం గారు పొలం మట్టి నుంచి తీసిన బాక్టీరియాలో మందును విరగ్గొట్టే గుణం ప్లాస్మిడ్ మీద ఉందని 1995 లో చూపించారు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆ పని చాలా దూరం తీసుకెళ్ళారు. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియా ఒంట్లో ఉండే చిన్న వలయం, అసలు జన్యువులకు అదనంగా ఉండే చిట్టా. దాన్ని ఒక బాక్టీరియా పక్కదానికి అందించగలదు, జాతి వేరైనా సరే. మనకు పనితనం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి రావాలి. వాటికి పక్క మగ్గం వాడి దగ్గర నుంచి ఒక్క పూటలో వచ్చేస్తుంది. మట్టి అంత తొందరగా ఎలా నేర్చుకుంటుందో దీనివల్ల అర్థమవుతుంది.

ఇప్పుడు మళ్ళీ మన చక్రం దగ్గరికి, అంటే అట్రజిన్ దగ్గరికి. ముప్పై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా వాడారు. నేలలో నెలల తరబడి ఉండి నీళ్ళలోకి దిగుతుందని తెలిసి జర్మనీ 1991 లో ఆపేసింది. యూరప్ మొత్తం 2003 లో ఆపాలని నిర్ణయించింది. ఈ మధ్యలో, 1995 లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు కలుపు మందు ఒలికిపోయిన చోట మట్టిలో ఒక బాక్టీరియాను కనిపెట్టారు. పేరు సూడోమోనాస్ ఏడీపీ. ఇది అట్రజిన్‌ను సగం విరగ్గొట్టి వదిలేయదు, ఆఖరి దాకా తీసుకెళ్ళి బొగ్గుపులుసు వాయువుగా, అమ్మోనియాగా మార్చేస్తుంది.

ఎలా చేస్తుందో నేతగాళ్ళకు చెప్పడం తేలిక. నేసిన గుడ్డను పోగులుగా విప్పాలంటే ఎక్కడపడితే అక్కడ లాగితే ముడి బిగుసుకుంటుంది. ఒక వరుస ఉంటుంది. మొదటి ఎంజైమ్ క్లోరిన్‌ను ఊడదీస్తుంది. అంతటితోనే కలుపు చంపే శక్తి పోతుంది. రెండోది ఒక చేతిని, మూడోది ఇంకో చేతిని విరుస్తుంది. అప్పుడు ఉత్త చక్రం మిగులుతుంది. నాలుగోది చక్రాన్ని తెంపుతుంది. ఐదు, ఆరు మిగిలిన ముక్కల్ని తుడిచేస్తాయి. కండె చుట్టేవాళ్ళు, పడుగు చేసేవాళ్ళు, గంజి పెట్టేవాళ్ళు, నేసేవాళ్ళు ఉన్నట్టే ఒక్కో పనికి ఒక్కరు. వరుస తప్పితే పని ఆగిపోతుంది.

మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది ఇంకోటి. ఆ మొదటి ఎంజైమ్‌లో 475 అమైనో ఆమ్లాలు, పూసల దండలాగా. మెలమైన్‌ను విరగ్గొట్టే ఇంకో బాక్టీరియా ఎంజైమ్ ఉంది, అందులోనూ 475. రెంటికీ తేడా 9 పూసలే. అయినా ఒకదాని పని ఇంకోదానికి రాదు. నాలుగు ఖండాల్లో దొరికిన అట్రజిన్ బాక్టీరియాల్లో ఈ జన్యువులు దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని 1998 లో తేలింది. అంటే ఇది ఎక్కడో కొత్తగా పుట్టి, ప్లాస్మిడ్ల మీద ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. మనుషులు 1950లలో ఆ మందును తయారుచేయకపోతే దీనికి ఇంత గిరాకీ ఉండేది కాదు.

దీన్ని నిజంగా చేలో వాడారా? వాడారు. దక్షిణ డకోటాలో అట్రజిన్ ఒలికిపోయిన మట్టి మీద, ఆ మొదటి ఎంజైమ్‌ను ఎక్కువగా తయారుచేసే బాక్టీరియాను పెంచి, చంపి, ఆ చచ్చిన కణాల్నే కలిపారు. జన్యువు మార్చిన జీవిని బతికుండగా వదలకూడదు కాబట్టి. 2000 లో వచ్చిన ఫలితం ప్రకారం 8 వారాల్లో 52 శాతం తగ్గింది, ఫాస్ఫేట్ కూడా కలిపిన చోట 77 శాతం. ఏమీ కలపని చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. పనికొచ్చింది, కానీ చూడండి, అది ఒక చోట ఒలికిన మందు, చుట్టూ హద్దు గీసి, కొలతలు తీస్తూ చేసిన పని.

ఇక ప్యాకెట్ సంగతి. ముందు చెప్పిన మేఘరాజ్, వెంకటేశ్వర్లు, సేతునాథన్ గార్లు మరి ఇద్దరితో కలిసి 2011 లో ఒక పెద్ద సమీక్ష రాశారు. సేంద్రియ కాలుష్యాన్ని సూక్ష్మజీవులతో బాగుచేసే పద్ధతులన్నీ విమర్శగా చూసిన రాత. ప్రయోగశాలలో గెలిచింది నేలలో ఎందుకు ఓడిపోతుందో అందులో ఉంది. బయటి నుంచి తెచ్చి చల్లిన బాక్టీరియాను ఆ నేలలో ముందునుంచి ఉన్నవి బతకనివ్వవు. మందు బంకమట్టికి అతుక్కుపోతే బాక్టీరియా దాన్ని చేరలేదు. మందు మరీ తక్కువ మోతాదులో ఉంటే దాని మీద బతకడం కుదరదు. ఈ పనిలో జీవితం గడిపినవాళ్ళే ఇలా రాశారంటే, ప్యాకెట్ మీద ఏ అణువును, ఎంత మోతాదులో, ఎన్ని రోజుల్లో అన్నది లేకుండా 'విషం విరుగుడు' అని మాత్రమే ఉంటే మేమైతే డబ్బు పెట్టం. బోరులో పోయడం అసలే వద్దు. తాగే నీళ్ళలో కొలవడానికే కష్టమయ్యేంత తక్కువగా ఉన్నదాన్ని అది తినలేదు, నీళ్ళలో కొత్త సూక్ష్మజీవుల్ని మాత్రం పోసినవాళ్ళమవుతాం.

చెరకు చేసేవాళ్ళకు ఇంకో ముక్క. సూడోమోనాస్ ఏడీపీ అట్రజిన్‌ను తినేది నైట్రోజన్ కోసం. పక్కన యూరియా బస్తాలు గుమ్మరించి ఉంటే దానికి ఆ కష్టం ఎందుకు? నైట్రోజన్ ఎరువు ఎక్కువైన చోట అట్రజిన్ విరగడం నెమ్మదిస్తుందని పరిశోధనల్లో కనబడింది. కాబట్టి వేలు పెట్టి కొన్న పొడి కన్నా, అవసరానికి మించి వేస్తున్న యూరియా తగ్గించడమే మంచి పనేమో. ఉల్టా సంగతి కూడా ఉంది. అమెరికాలో ఏటా అదే చేలో అట్రజిన్ కొట్టిన కొన్నిచోట్ల నేల బాగా నేర్చేసుకుని, మందు పూర్వం నిలిచినన్ని రోజులు నిలవడం లేదు. అక్కడి రైతు దాన్ని నష్టం అంటాడు, బావి ఉన్నవాడు అదృష్టం అంటాడు.

తెలంగాణలో పత్తి ఉన్నవాళ్ళకు ముఖ్యమైనది గ్లైఫోసేట్. 1974 నుంచి అమ్ముతున్నారు. దీని దగ్గర బాక్టీరియాను ఉల్టాగా వాడారు. గ్లైఫోసేట్ ఫ్యాక్టరీ వ్యర్థాలు పోయే చోట, ఆ మందులోనూ చావకుండా ఒక మట్టి బాక్టీరియా బతుకుతూ కనిపించింది. దాని జన్యువును తీసి సోయాలో, పత్తిలో పెట్టారు. మందు కొడితే కలుపు చస్తుంది, పంట చావదు. అంటే మట్టి నేర్చుకున్న విద్యను మందు తగ్గించడానికి కాకుండా, ఇంకా ఎక్కువ కొట్టడానికి వాడారు. మా అభిప్రాయంలో ఈ చరిత్రలో అన్నిటికన్నా చేదు ముక్క ఇదే. ఆ రకం పత్తికి మన దేశంలో అనుమతి లేదు, అయినా విత్తనం దొంగచాటుగా ఊళ్ళలోకి వస్తుందని మీకు తెలుసు. 2018 లో తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబర్‌లో కేంద్రం లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇతరులు వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. నేలలో బాక్టీరియా దాన్ని విరుస్తుంది, నిజమే. కానీ విరిచాక వచ్చే ఆంపా అనే ముక్క అసలు మందు కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. పారాక్వాట్ అయితే బంకమట్టికి అతుక్కుని ఏళ్ళు ఉంటుంది, బాక్టీరియాకు దాదాపు అందదు. మనిషి ఒంట్లోకి పోతే దానికి విరుగుడు లేదు. ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో ఆ సీసా ఉంటే తాళం వేసి పెట్టమని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

మన రంగు నీళ్ళ సంగతి రాయకుండా ముగిస్తే న్యాయం కాదు. పొరుగున కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయంలో 2000 తర్వాత చాలా ఏళ్ళు రంగు నీళ్ళు పడిన నేలల నుంచి బాక్టీరియాను తీసి, అజో రంగుల్ని విరిచే పని చేశారు. గంటల్లో రంగు పోతుంది, నీళ్ళు తేటపడతాయి. అక్కడే జాగ్రత్త కావాలి. గాలి లేని చోట బాక్టీరియా అజో బంధాన్ని తెంపితే రంగు పోతుంది కానీ, అరోమాటిక్ అమైన్లు మిగులుతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఆ కారణంతోనే కొన్ని అజో రంగుల్ని జర్మనీ 1994 చట్టంతో ఆపింది, మన దేశం 1997 లో 70 రంగుల్ని నిషేధించింది. ఆ అమైన్లను విరవాలంటే రెండో దశలో గాలి ఆడించాలి. తేటగా కనిపించిన నీళ్ళన్నీ మంచివి కావు. తిరుప్పూరులో రంగు పట్టరైల నీళ్ళు నొయ్యల్ నదిని పాడుచేస్తే 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు కార్ఖానాలన్నీ మూయమంది. ఆ రోజుల్లో తమిళ పత్రికల్లో రోజూ చదివాం. నది గెలిచిందని రైతులు, తిండి పోయిందని కూలీలు. రెండు మాటలూ నిజమే.

2020 మే నెలలో కేంద్రం నిషేధించాలని ముసాయిదా ఇచ్చిన 27 మందుల్లో అట్రజిన్, 2,4-డి రెండూ ఉన్నాయి. ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. కాబట్టి మన బోరు నీళ్ళలో అవి ఉన్నాయా లేవా అన్నది మనమే చూసుకోవాలి. ప్యాకెట్ల కోసం వేసుకుందామన్న చందాను నీళ్ళ పరీక్షకు పెడదామని సంఘం ముందు పెడుతున్నాం. ఒక్క విషయం గమనించండి. మామూలుగా ఇచ్చే నీళ్ళ రిపోర్టులో గట్టిదనం, టీడీఎస్, నైట్రేట్ ఉంటాయి, మందులు ఉండవు. గుర్తింపు ఉన్న ల్యాబుకు ఇచ్చేటప్పుడు పేర్లు రాసి అడగాలి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు అట్రజిన్ 2 మైక్రోగ్రాములు, 2,4-డి 30 మైక్రోగ్రాములు దాటకూడదు. నమూనా ఏ సీసాలో, ఎలా పట్టాలో ముందు ల్యాబునే అడిగి, వాళ్ళిచ్చిన సీసాలోనే తేవాలి. చెరకు చేలకు దగ్గర ఉన్న బోర్లు ముందు, తర్వాత రంగు కార్ఖానాల వైపువి. మందు కొట్టాక పడే మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి తీస్తే లెక్క తెలుస్తుంది. ఎవరి బోరు ఎక్కడుందో, ఎన్ని అడుగులో కింద రాయండి, జాబితా మేము తయారు చేస్తాం.